బెజవాడ ఎండల్లో కుక్కపిల్ల తిండి: సంచిని ఎంచుకోవడం, అందులోని కొవ్వును చదవడం

గత ఏడాది మార్చిలో పది రోజుల తేడాతో మా ఇంటికి ఒక కుక్కపిల్ల, గుంటూరులో మా అక్క ఇంటికి ఒక కుక్కపిల్ల వచ్చాయి. పటమటలో మా దగ్గరున్నది లాబ్రడార్, పేరు లడ్డు. బ్రాడీపేటలో అక్క పిల్లలు వీధి చివర నుంచి ఎత్తుకొచ్చినది నాటు కుక్కపిల్ల. ఒళ్ళంతా నలుపు కాబట్టి దానికి కాటుక అని పేరు పెట్టారు. "ఏ కంపెనీ తిండి మంచిదో చూసి ఒక్క పేరు చెప్పు, ఇద్దరం అదే కొందాం" అంది అక్క ఫోనులో. ఆ ఒక్క పేరు చెప్పలేకపోయాను. మూడు నెలలు సంచులు తిరగేసి, ఒక బస్తా పాడుచేసుకుని, పశువైద్యులను విసిగించి చివరికి నేర్చుకున్నదేమిటంటే, మా ఇద్దరికీ ఒకే సంచి సరిపోదు. ఆ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం కొవ్వు గురించే ఉంటుంది. పొడి ఆహారంలో మంచి చెడ్డలు ఎక్కువగా తేలేది అక్కడే, ముందుగా పాడయ్యేదీ అదే.

మన దగ్గర చాలామంది ఏ కంపెనీ సరుకునైనా పెడిగ్రీ అనే పిలుస్తారు. దుకాణంలో "పెడిగ్రీ ఇవ్వండి" అంటే "ఏ కంపెనీది కావాలండీ" అని అడుగుతారు. అంతగా అలవాటైన వస్తువే గానీ ఆ గుళికలు ఎలా తయారవుతాయో మనం ఆలోచించం. పిండి, మాంసపు పొడి, ఖనిజాలు కలిపి, ఆవిరితో ఉడికించి, ఒత్తిడితో యంత్రంలోంచి నెట్టి, ముక్కలుగా కోసి ఆరబెడతారు. ఆ తర్వాతే కొవ్వులో ఎక్కువ భాగాన్ని గుళికల మీద చల్లుతారు. అంటే సంచి తెరిచినప్పుడు గుళిక పైన జిడ్డుగా తగిలేది అసలైన పోషకమే. కుక్కను ముందుగా పిలిచేది ఆ వాసనే. గాలికీ ఎండకూ అందరికంటే ముందు దొరికిపోయేదీ అదే పూత.

కుక్కపిల్లకు కొవ్వు అందుకే ముఖ్యం. తల్లిపాలు మానిన కొత్తలో దానికి కిలో బరువుకు పెద్ద కుక్క కంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి, పొట్ట మాత్రం గుప్పెడంత. ఒక గ్రాము మాంసకృత్తుల నుంచి గానీ పిండిపదార్థం నుంచి గానీ సుమారు 3.5 కేలరీలు వస్తే, గ్రాము కొవ్వు నుంచి 8.5 వస్తాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టేదీ కొవ్వు ద్వారానే. చర్మానికీ వెంట్రుకలకూ కావలసిన లినోలిక్ ఆమ్లాన్ని, మెదడుకూ కంటికీ కావలసిన డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాన్ని ఆహారంలోని కొవ్వే మోసుకురావాలి.

సంచి మీది అంకె

దొరికే సంచులను ధరను బట్టి మూడు తరహాలుగా చూద్దాం. కంపెనీల పేర్లు కావాలనే చెప్పడం లేదు. ఒకే పేరు మీద వచ్చే సంచిలో దినుసులు కొన్నాళ్ళకు మారిపోతుంటాయి. చేతిలో ఉన్న సంచిని చదవడం వస్తే పేరుతో పెద్దగా పని ఉండదు.

మొదటి తరహా సంచిలో మాంసకృత్తులు 24 శాతం, కొవ్వు 10, పీచు 5, తేమ 12 అనుకుందాం. రెండోదానిలో మాంసకృత్తులు 30, కొవ్వు 16, పీచు 3, తేమ 10. మూడోదానిలో మాంసకృత్తులు 31, కొవ్వు 20, పీచు 3, తేమ 8. ఖనిజాల బూడిద మూడింటిలోనూ 8 శాతం అనుకుంటే మిగిలినది పిండిపదార్థం. లెక్క వేస్తే వంద గ్రాములకు మొదటిది సుమారు 312 కేలరీలు, రెండోది 356, మూడోది 383 ఇస్తాయి.

ఇప్పుడు కనీసం ఎంత ఉండాలో చూద్దాం. అమెరికాలోని దాణా నియంత్రణ అధికారుల సంఘం ఆఫ్కో పేరు మన దగ్గర అమ్మే చాలా సంచుల మీద కనిపిస్తుంది. ఎదిగే పిల్లల ఆహారంలో, తేమ తీసేసిన లెక్కన, కొవ్వు కనీసం 8.5 శాతం, మాంసకృత్తులు కనీసం 22.5 శాతం ఉండాలని దాని ప్రమాణం. పెద్ద కుక్కలకైతే ఇవే అంకెలు 5.5, 18. తేమ తీసేసిన లెక్క అంటే కష్టమేమీ కాదు. సంచి మీద తేమ 12 అని ఉంటే మిగిలినది 88, కాబట్టి 10ని 88తో భాగించి వందతో హెచ్చవేయాలి. మొదటి సంచిలో కొవ్వు 11.4 శాతమని తేలుతుంది. అంటే అన్నిటికంటే చవకైన సంచి కూడా కనీసపు గీత దాటే ఉంది.

ఇక్కడే నేను చాలా రోజులు దారి తప్పాను. 20 శాతం ఉన్నది 10 శాతం ఉన్నదాని కంటే రెట్టింపు మంచిదని అనుకున్నాను. సంచి మీద రాసే ఆ అంకె ముడి కొవ్వు. ఆహారంలోంచి ద్రావకంతో లాగితే ఎంత కొవ్వు వచ్చిందో అదొక్కటే చెబుతుంది. అది కోడిదా, పశువుదా, పామాయిలా, తాజాదా, పాతదా అన్నది అందులో ఉండదు. వంటింటి మాటలో చెప్పాలంటే, కూరలో నాలుగు గరిటెల నూనె పోశామని తెలుస్తుంది గానీ ఏ నూనె పోశామో, అంతకుముందు దానిలో ఎన్ని వాయిలు గారెలు వేయించామో తెలియదు.

ఎవరి కొవ్వు

దినుసుల జాబితాను బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. ఆ జాబితాలో కొవ్వు పేరు వెతకండి. కోడి కొవ్వు అని స్పష్టంగా రాసి ఉంటే నాకు సగం నమ్మకం కలుగుతుంది. పౌల్ట్రీ కొవ్వు అన్నా ఫరవాలేదు. ఏ జంతువో చెప్పకుండా జంతువుల కొవ్వు అనో, ఏ గింజో చెప్పకుండా వంటనూనెలు అనో ఉంటే, ఆ నెల మార్కెట్లో ఏది చవకగా దొరికితే అది పోసే వీలును కంపెనీ తన దగ్గర ఉంచుకున్నదని నేను అర్థం చేసుకుంటాను. చెడ్డదని చెప్పలేం. ఈ నెల సంచి, వచ్చే నెల సంచి ఒకటేనన్న భరోసా మాత్రం లేదు.

పేరుతో తేడా ఎంత వస్తుందో చూడండి. ఎదిగే పిల్ల ఆహారంలో లినోలిక్ ఆమ్లం తేమ తీసేసిన లెక్కన కనీసం 1.3 శాతం ఉండాలి, అంటే కిలోకు 13 గ్రాములు. కోడి కొవ్వులో లినోలిక్ ఆమ్లం సుమారు ఐదో వంతు. కాబట్టి కిలో ఆహారంలో 100 గ్రాముల కోడి కొవ్వు ఉంటే దాదాపు 20 గ్రాములు అందుతుంది, గీత సులువుగా దాటేస్తుంది. అదే 100 గ్రాములు పశువుల కొవ్వయితే మూడు గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. మిగిలినది మొక్కజొన్న నుంచో వేరే నూనె నుంచో రావాలి. సోయా నూనెలో లినోలిక్ సగం దాకా ఉంటుంది, పొద్దుతిరుగుడులో ఇంకా ఎక్కువ. పామాయిల్లో పదో వంతు, కొబ్బరినూనెలో రెండు శాతం మాత్రమే. మనం జుట్టుకు రాసుకునే కొబ్బరినూనెను కుక్క తిండిలో కలిపితే వెంట్రుకలు నిగనిగలాడతాయని చాలామంది చెబుతారు. వెంట్రుకకు కావలసిన కొవ్వు అందులో దాదాపు లేదు.

ఇక డీహెచ్ఏ. రెండు సంచుల మధ్య తేల్చుకోలేనప్పుడు నేను మొదట చూసేది దీన్నే. కుక్కపిల్ల మెదడు, కంటి రెటీనా అల్లుకునేది ఈ కొవ్వుతోనే. చేపనూనెతో బలవర్ధకం చేసిన ఆహారాన్ని పాలు మానిన నాటి నుంచి తిన్న బీగిల్ పిల్లలు నేర్చుకోవడంలో, గుర్తుపెట్టుకోవడంలో మెరుగ్గా ఉన్నాయని 2012లో ప్రచురితమైన పరిశోధన ఒకటి చూపింది. ఇంటికి వచ్చిన పిల్లకు మూత్రవిసర్జన ఎక్కడ చేయాలో నేర్పడానికి తంటాలు పడేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఆఫ్కో లెక్కన ఎదిగే పిల్లల ఆహారంలో ఈపీఏ (చేపనూనెలో ఉండే మరో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం), డీహెచ్ఏ రెండూ కలిపి కనీసం 0.05 శాతం ఉండాలి, అంటే కిలోకు అర గ్రాము. పెద్ద కుక్కల ఆహారానికి అలాంటి కనీస పరిమితి లేదు. అందుకే పెద్ద కుక్క సంచి కొని పిల్లకు పెట్టడం పొరపాటు. జాబితాలో చేపనూనె, చేపపొడి, లేదా సముద్రపు నాచు నూనె ఉందో లేదో చూడండి. ముందువైపు పెద్ద అక్షరాలతో ఒమేగా-3 అని రాసి, వెనక జాబితాలో అవిసె గింజలు తప్ప మరేమీ లేని సంచులు ఉంటాయి. అవిసెలో ఉన్నదీ ఒమేగా-3 జాతిదే గానీ దాన్ని డీహెచ్ఏగా మార్చుకునే శక్తి కుక్క ఒంటికి చాలా తక్కువ. పాలు మానిన తర్వాత ఆ కొంచెమూ ఇంకా తగ్గిపోతుంది. ఇంట్లో మాంసం ముట్టనివారు శాకాహారపు సంచి గురించి అడుగుతుంటారు. వారు నాచు నూనె కలిపిన సంచి దొరికితేనే దాని గురించి ఆలోచించాలి, అదీ వైద్యుణ్ణి అడిగాకే.

కొవ్వుకు కాపలా

డీహెచ్ఏ విలువ ఎంతో, దాని నాజూకుతనమూ అంతే. కొవ్వు ఆమ్లంలో జంట బంధాలు, అంటే ప్రాణవాయువు సులువుగా పట్టుకునే అతుకులు, ఎన్ని ఎక్కువ ఉంటే ప్రాణవాయువు దాన్ని అంత త్వరగా పాడుచేస్తుంది. లినోలిక్‌లో రెండు ఉంటే డీహెచ్ఏలో ఆరు ఉంటాయి. కాబట్టి చేపనూనె ఉన్న మంచి సంచికే కాపలా ఎక్కువ కావాలి.

ఆ కాపలాకు కంపెనీలు రెండు రకాల పదార్థాలు వాడతాయి. బీహెచ్ఏ, బీహెచ్‌టీ, ఇథాక్సీక్విన్ కృత్రిమమైనవి. టోకోఫెరాల్స్ అనే విటమిన్ ఇ రూపాలు, రోజ్‌మేరీ సారం సహజమైనవి. ఇథాక్సీక్విన్ గురించి ఆందోళన కొత్తది కాదు. 1997లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కుక్కల ఆహారంలో దాని మోతాదును పది లక్షలకు 150 భాగాల నుంచి 75కు స్వచ్ఛందంగా తగ్గించమని కంపెనీలను కోరింది. 2017లో ఐరోపా సమాఖ్య దాణాలో దాని వాడకానికి ఉన్న అనుమతిని నిలిపివేసింది. నేను ఇథాక్సీక్విన్ పేరు ఉన్న సంచి కొనను. బీహెచ్ఏ, బీహెచ్‌టీ ఉన్న సంచిని మాత్రం ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టను. ముక్కిపోయిన కొవ్వు కంటే కాపలా ఉన్న కొవ్వు పిల్లకు మేలు. సహజ పదార్థాలతో కాపాడిన ఆహారం తెరిచాక తక్కువ రోజులు నిలుస్తుంది. అవి ఉన్న సంచిని కొంటే చిన్నదే కొనాలి, త్వరగా ముగించాలి. జాబితాలో ఏ కాపలా పదార్థమూ కనిపించకపోతే దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి లేదు, అనుమానించాలి.

మన ఎండ, మన ఇల్లు

పొడి ఆహారాన్ని 27 డిగ్రీల లోపు ఉంచాలని ఎఫ్‌డీఏ సలహా. రోహిణీ కార్తెలో బెజవాడలో బయట 44, 45 డిగ్రీలు తాకుతుంది. ఏసీ లేని పై అంతస్తు గదిలో రాత్రి పదకొండింటికి కూడా గోడలు వేడిగా ఉంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. సంచి మీద పద్దెనిమిది నెలలని గడువు రాసి ఉన్నా, అది మూత తెరవని సంచికి, చల్లని చోట ఉంచినప్పటికి వర్తించే మాట.

మా బస్తా కథ ఇక్కడిదే. ఏప్రిల్ మధ్యలో, కిలోకు బాగా కలిసొస్తుందని ఇరవై కిలోల బస్తా కొన్నాను. తెచ్చి, లోపల ఎంత ఉందో కనబడాలని పారదర్శకమైన ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, పై గదిలో కిటికీ పక్కన పెట్టాను. మే రెండో వారం నుంచి లడ్డు గిన్నె దగ్గరకు వెళ్ళి వాసన చూసి వెనక్కి రావడం మొదలుపెట్టింది. పళ్ళు వస్తున్నాయేమో అనుకున్నాం. విరేచనం పలచబడింది, వెంట్రుకలు గరుకెక్కాయి. గన్నవరం పశువైద్య కళాశాలలో చదువుకున్న ఒక వైద్యురాలికి చూపిస్తే ఆమె మందు రాయకముందే, "తిండి ఒక గుప్పెడు తెచ్చి చూపించండి" అన్నారు. తెచ్చిన గుళికను వేళ్ళ మధ్య నలిపి నా ముక్కు దగ్గర పెట్టారు. డబ్బా అడుగున ఏడాదిగా మరిచిపోయిన వేరుశనగ పప్పు వాసన, దాని వెనకే రంగు డబ్బా వాసన. రోజూ గిన్నెలో పోస్తున్న నాకు ఆ వాసన కొంచెం కొంచెంగా అలవాటైపోయింది. లడ్డుకు మాత్రం మొదటి రోజే తెలిసింది.

ఆక్సీకరణ చెందిన కొవ్వును కుక్కపిల్లలకు పెట్టి చూసిన పరిశోధన ఒకటి 2003లో వచ్చింది. ఆ పిల్లల్లో ఎదుగుదల, రోగనిరోధక శక్తి, ఎముక కట్టుకోవడం, మూడూ దెబ్బతిన్నాయి. ముక్కిపోయే క్రమంలో కొవ్వు తనతో పాటు విటమిన్ ఇని కూడా ఖర్చు చేసేస్తుంది. సంచి మీది అంకె మాత్రం అలాగే ఉంటుంది. ముక్కిపోయిన పది శాతం కూడా పది శాతమే.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇళ్ళు మనవి. మిర్చి రంగు పోకుండా బస్తాలకు బస్తాలు కోల్డ్ స్టోరేజీలకు చేర్చే ఊరు గుంటూరు. ఆ జాగ్రత్తలో పావు వంతు ఈ సంచికి చాలు. గుళికలను దాని సొంత సంచిలోనే ఉంచండి. గాలి రాకుండా లోపలి పొరలు వేసి చేసేది అందుకే. నోరు మడిచి, క్లిప్పు పెట్టి, ఆ సంచిని అలాగే మూత ఉన్న డబ్బాలో దించండి. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, చీకటిగా ఉన్న చోట, నేల మీద కాకుండా పీట మీద పెట్టండి. డబ్బాలో నేరుగా పోసే అలవాటుంటే ప్రతిసారీ కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే కొత్తది పోయాలి. గోడలకు అంటిన పాత జిడ్డు కొత్తదాన్ని త్వరగా చెడగొడుతుంది. తెరిచిన సంచిని మామూలు రోజుల్లో ఆరు వారాల్లోపు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు, నాలుగు వారాల్లోపు ముగించేలా నేను చూసుకుంటాను. తేమ తగిలి గుళికలు మెత్తబడినా, ముద్దకట్టినా, బూజు కనిపించినా అది వాసనతో పోయే సమస్య కాదు. మొక్కజొన్న ఉన్న ఆహారంలో బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్ళలో తడిసిన సరుకు ఎంతో చూశాం. అలా తడిసిన సంచి ఎండబెట్టినా పనికిరాదు.

విడిగా కిలో, అరకిలో తూచి అమ్మే గుళికల విషయంలో నా మాట ఒక్కటే, కొనకండి. తయారైన తేదీ తెలియదు, బస్తా ఎప్పుడు తెరిచారో తెలియదు, కొవ్వు పేరు చదవడానికి సంచే లేదు.

ధర, రోజులు

ఇప్పుడు లెక్కకు వద్దాం. మూడు నెలల లాబ్రడార్ పది కిలోలు ఉందనుకుందాం. నాలుగు నెలల లోపు పిల్లకు వైద్యులు వేసే మామూలు సూత్రం ప్రకారం రోజుకు సుమారు 1,180 కేలరీలు కావాలి. మొదటి సంచి అయితే దాదాపు 380 గ్రాములు, రెండోది 330, మూడోది 310 పెట్టాలి. కిలో ధరలు వరుసగా 250, 600, 800 రూపాయలనుకుంటే వెయ్యి కేలరీలకు 80, 168, 209 రూపాయలు పడతాయి. కిలో ధరల మధ్య కనిపించే తేడా కంటే కేలరీ ధరల మధ్య తేడా కొంచెం తక్కువే అయినా, రెట్టింపు ఖర్చు రెట్టింపు ఖర్చే. అందరూ పెట్టగలిగేది కాదు. పెట్టలేనివారు మొదటి తరహాలోనే కోడి కొవ్వు, చేపపొడి జాబితాలో ఉన్న సంచిని వెతికి, చిన్నది, తాజాది కొంటే, ఎండలో నిలిచిన ఖరీదైన సంచి కంటే మంచి తిండి పెట్టినట్టే. ఈ మాట బతిమాలి చెబుతున్నాను. ఖరీదైనది కొనలేదన్న బాధతో ఎవరూ పిల్ల ముందు కూర్చోనక్కరలేదు.

రోజుకు 330 గ్రాములు తినే లడ్డుకు పది కిలోల సంచి నెల రోజులు వస్తుంది, ఇరవై కిలోలది రెండు నెలలు. అదే వయసులో నాలుగు కిలోలున్న కాటుకకు అదే తిండి రోజుకు 165 గ్రాములు చాలు. దానికి పది కిలోల సంచి రెండు నెలలు సాగుతుంది, మూడు కిలోలది పద్దెనిమిది రోజులు. ఇక కిలోన్నర ఉన్న పొమరేనియన్ పిల్లను తీసుకోండి. చిన్న జాతులకు కొవ్వు ఎక్కువున్న మూడో తరహానే ఎక్కువగా అమ్ముతారు. దానికి రోజుకు 75 గ్రాములు చాలు, మూడు కిలోల సంచి నలభై రోజులు వస్తుంది. కొవ్వు ఎక్కువ ఉన్న సంచి, అందరికంటే నెమ్మదిగా తినే కుక్క. ముక్కిపోయే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఇక్కడే. ఆ ఇంట్లో కిలో సంచులే కొనాలి. కిలోకు ఎక్కువ పడినా మొత్తం మీద ఆ ఖర్చు చిన్నదే.

ఏ పిల్లకు ఏది

పెద్ద జాతి పిల్లలకు, అంటే ఎదిగాక 32 కిలోలు దాటే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ వంటివాటికి, కొవ్వు 20 శాతం ఉన్న సంచి నేను కొనను. శక్తి ఎక్కువై ఎముకల కంటే బరువు ముందు పరుగెత్తితే తుంటి కీళ్ళు దెబ్బతింటాయి. పెద్ద జాతి పిల్లలకు అని ప్రత్యేకంగా రాసి ఉన్న సంచి, కొవ్వు 12 నుంచి 16 మధ్య ఉన్నది చాలు. దానితో పాటు కాల్షియం చూడాలి. ఆఫ్కో లెక్కన కనీసం 1.2 శాతం, పెద్ద జాతి పిల్లలకు గరిష్ఠం 1.8. ఆరు నెలల లోపు పిల్ల పేగు ఎక్కువైన కాల్షియాన్ని వద్దని ఆపలేదు, వచ్చినదానిలో పెద్ద భాగాన్ని పీల్చేస్తుంది. మంచి సంచి పెడుతూ దాని మీద కాల్షియం టానిక్కు పోయడం అందుకే చేటు. లడ్డుకు మా పక్కింటి పెద్దాయన ప్రేమతో తెచ్చిచ్చిన సీసాను వాడలేకపోయామని ఆయనతో చెప్పడానికి నాకు వారం పట్టింది.

కొలత గురించి ఇంకొక మాట. 48 లాబ్రడార్‌లను పిల్లలప్పటి నుంచి జతలుగా పెంచి, జతలో ఒకదానికి పావు వంతు తిండి తగ్గించి పెట్టిన అధ్యయనం 2002లో ప్రచురితమైంది. తక్కువ తిన్నవాటిలో సగం 13 ఏళ్ళ దాకా లేదా అంతకు మించి బతికితే, రెండోవాటిలో సగం 11.2 ఏళ్ళ దాకా లేదా అంతకు మించి బతికాయి. గిన్నె నింపి వదిలేయకుండా తూచి పెట్టండి. పక్కటెముకలు కంటికి కనబడకుండా, చేతికి తగిలేలా ఉండాలి.

నాటు కుక్కపిల్లలకు, అంటే కాటుక లాంటివాటికి, మధ్య తరహా సంచి చక్కగా సరిపోతుంది. వీధి నుంచి వచ్చిన పిల్ల పొట్టలో నులిపురుగులు ఉండడం మామూలే. అది తీరకుండా ఎంత మంచి కొవ్వు పెట్టినా ఒంటికి పట్టదు, కాబట్టి ముందు మందు వేయించాలి. చిన్న జాతి పిల్లలకు 16 నుంచి 20 శాతం ఫరవాలేదు. వాటికి కిలో బరువుకు శక్తి ఎక్కువ కావాలి, పొట్టా చిన్నది. పప్పులు, బఠాణీలు ఎక్కువగా పోసి ధాన్యం లేనిదని అమ్మే ఖరీదైన సంచుల మీద నాకు ఆసక్తి లేదు. వాటికీ గుండె కండరాల జబ్బుకూ సంబంధం ఉందా అని ఎఫ్‌డీఏ 2018లో పరిశీలన మొదలుపెట్టింది.

మన ఇళ్ళలో చేసే పని ఇంకొకటి ఉంది. గుళికల మీద చెంచా నెయ్యి, పెరుగన్నం, చికెన్ కొట్టు నుంచి తెచ్చిన తోలు. ఇదంతా ప్రేమేనని నాకు తెలుసు. సరిగ్గా తూచిన ఆహారం మీద నెయ్యి వేస్తే ఆ పూట కొవ్వు ఒక్కసారిగా పెరుగుతుంది. అలవాటు లేని పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి, కొన్నిటికి క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుంది. పెరుగన్నం అప్పుడప్పుడు రెండు ముద్దలు పెట్టినా తప్పులేదు, అదే భోజనమైతే లినోలిక్ ఆమ్లం, డీహెచ్ఏ రెండూ అందవు. చేపనూనె మాత్రలు విడిగా వేయాలనుకుంటే వైద్యుల చేత మోతాదు రాయించుకోండి. కాడ్ లివర్ ఆయిల్‌ను చేపనూనెగా పొరబడకండి, దానిలోని ఎ, డి విటమిన్లు పిల్లకు ఎక్కువైపోతాయి.

చివరికి అక్కకు ఫోను చేసి చెప్పింది ఇది. కాటుకకు మధ్య తరహాలో, కోడి కొవ్వు, చేపనూనె రెండూ పేర్లతో ఉన్నది, మూడు కిలోల సంచి, నెలకు రెండు సార్లు కొనాలి. లడ్డుకు పెద్ద జాతి పిల్లలది, 14 శాతం కొవ్వు, పది కిలోల సంచి. దుకాణంలో వెనక వరుసలో ఉన్నది అడిగి, తయారీ తేదీ చూసి తీసుకుంటున్నాం. తెరిచిన రోజే సంచి మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాస్తున్నాం. పాతదాని నుంచి కొత్తదానికి ఎనిమిది రోజుల్లో మారాం. మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు. ముక్కిపోయిన పాతది కలపడం కుదరదు కాబట్టి అదే రకం చిన్న ప్యాకెట్టు తాజాది తెచ్చి దానితో కలిపాం. మూడో వారానికి లడ్డు విరేచనం గట్టిపడింది. వెంట్రుకల గరుకు పోవడానికి రెండు నెలలు పట్టింది.

డ్రమ్ములో మిగిలిన పదకొండు కిలోలను వీధి కుక్కలకు పోయమని చాలామంది సలహా ఇచ్చారు. మా సందులో అప్పుడు నాలుగు పిల్లలతో ఒక తల్లి కుక్క ఉంది. దానికి ఆ తిండి పోయలేదు. మూట కట్టి చెత్త బండికి ఇచ్చేసి, దానికోసం వేరే ఒక కిలో సంచి కొన్నాం.